రాయి తెలిసిన మనిషి: జాన్ కార్ కట్టడాల వెంట ఒక ప్రయాణం

శుక్రవారం, హోర్బరీ

వేక్‌ఫీల్డ్ దాటి నాలుగైదు కిలోమీటర్లు వెళ్తే హోర్బరీ వస్తుంది. ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ చూడ్డానికొచ్చే వాళ్లెవరూ ఈ ఊళ్లో ఆగరు. మేం మాత్రం ఇక్కణ్నుంచే మొదలుపెట్టాం. ఎందుకంటే 1723లో వాస్తుశిల్పి జాన్ కార్ పుట్టింది ఇక్కడే, ఆయన్ని సమాధి చేసిందీ ఇక్కడే.

ఈ ప్రయాణం మా మావయ్య కోసం పెట్టుకున్నది. ఆర్ అండ్ బీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు, సర్వీసులో ఎక్కువ భాగం వంతెనల మీదే గడిచింది. లీడ్స్‌లో మా ఇంటికి వచ్చాక, "రాజుల గదులు, రాణుల గదులు నాకెందుకమ్మాయ్, కట్టినవాడి సంగతి తెలిసే చోటు ఏమన్నా ఉంటే చూపించు" అన్నాడు. నాకు వెంటనే కార్ గుర్తొచ్చాడు. లండన్ వాస్తుశిల్పుల పేర్లు పుస్తకాల్లో చాలానే దొరుకుతాయి. కానీ ఉత్తర ఇంగ్లండ్‌లో ఏ పాత ఊరికి వెళ్లినా, ఏ నది దాటినా, ఈ కట్టినాయన ఎవరూ అని అడిగితే ఎక్కువసార్లు వచ్చే జవాబు జాన్ కార్.

తండ్రి రాబర్ట్ కార్ రాతి మేస్త్రీ. సొంతంగా రాతి క్వారీ ఉండేది, పైగా వెస్ట్ రైడింగ్ ప్రాంతానికి వంతెనల సర్వేయరుగా కూడా చేశాడు. తొమ్మిది మంది పిల్లల్లో జాన్ పెద్దవాడు. పెద్దగా చదువుకుని కాదు, తండ్రి వెంట క్వారీలో, పని జరిగే చోట పెరిగి ఈ విద్య నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో పేరున్న వాస్తుశిల్పులు కొందరు ఇటలీ వెళ్లి, రోమన్ శిథిలాలు చూసి, బొమ్మలు గీసుకుని వచ్చేవాళ్లు. కార్ ఆ యాత్ర ఎప్పుడూ చేయలేదు. ఇటలీ పద్ధతిని అచ్చు పుస్తకాల్లో చూసి నేర్చుకున్నాడు, రాయిని చేత్తో పట్టుకుని నేర్చుకున్నాడు. నాకు ఆయన మీద గౌరవం మొదలైంది ఇక్కడే.

ఊరి మధ్యలో సెయింట్ పీటర్ అండ్ సెయింట్ లియొనార్డ్ చర్చి ఉంది. 1790 తర్వాత, డెబ్భై ఏళ్లకు దగ్గరపడుతున్న వయసులో కార్ దీన్ని తన సొంత డబ్బుతో కట్టించాడు. ఎనిమిది వేల పౌండ్ల దాకా ఖర్చయిందంటారు. ఆ కాలానికి అది చాలా పెద్ద సొమ్ము. దేవుడి మీద భక్తితో, పుట్టిన నేల మీద ప్రేమతో వాస్తుశిల్పి జాన్ కార్ సొంత ఖర్చుతో కట్టించాడని లాటిన్‌లో చెక్కించుకున్నాడు. దక్షిణం వైపు స్తంభాల మంటపం, పైన అంతస్తులు అంతస్తులుగా సన్నబడుతూ పోయే గోపురం. పరిశ్రమల పొగకి రాయి నల్లబడింది, అయినా అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి.

మావయ్య గోడ దగ్గరికి వెళ్లి రాళ్ల అతుకుల మీద వేలు పెట్టి చూశాడు. "సున్నం కనపడకుండా కూర్చాడు చూడు. రాయిని ముందే సరిగ్గా చెక్కితేనే ఇది కుదురుతుంది. లోపం ఉంటే సున్నంతో కప్పుతారు, అందరం చేసే పనే అది" అన్నాడు.

శనివారం, యార్క్

కార్ 1751 ప్రాంతంలో యార్క్‌కి మారాడు. పనులు పెద్దవయ్యాయి, పలుకుబడి పెరిగింది. 1770లో ఒకసారి, 1785లో మరోసారి ఆ నగరానికి లార్డ్ మేయర్ అయ్యాడు. క్వారీ మేస్త్రీ కొడుకు పట్టణానికి మొదటి పౌరుడు కావడం ఆ కాలపు ఇంగ్లండ్‌లో చిన్న విషయం కాదు. స్కెల్డర్‌గేట్ వీధిలో ఆయన తన కోసం కట్టుకున్న ఇల్లు ఇప్పుడు లేదు. ఊరి కోసం కట్టినవి మాత్రం ఉన్నాయి.

ముందు గుర్రప్పందేల మైదానం నేవ్స్‌మైర్‌కి వెళ్లాం. కార్‌కి పేరు తెచ్చిన పని ఇక్కడిదే. 1750ల మధ్యలో పందేలు చూడ్డానికి ఒక గ్రాండ్‌స్టాండ్ కావాలనుకున్నారు. జేమ్స్ పెయిన్ అప్పటికే పేరున్న వాస్తుశిల్పి, ఆయనా ప్లాను ఇచ్చాడు. గెలిచింది మాత్రం ముప్పై దాటిన కార్. ఈ పని వెనకున్న పెద్దమనిషి రాకింగ్‌హామ్ ప్రభువు, తర్వాత రెండుసార్లు బ్రిటన్ ప్రధాని అయినవాడు. చందాలు వేసిన ప్రభువులూ జమీందారులూ ఆ కట్టడం చూశారు, తమ ఇళ్లకీ ఇతన్నే పిలవాలనుకున్నారు. ఒక్క పందేల స్టాండుతో ఉత్తరాదిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. దాని కింది అంతస్తు కమానుల వరసలో కొంత భాగాన్ని 1926లో గుర్రాల్ని తిప్పే చోటుకి దగ్గరగా మళ్లీ నిలబెట్టారు.

మధ్యాహ్నం క్యాజిల్‌గేట్‌లోని ఫేర్‌ఫాక్స్ హౌస్‌కి వెళ్లాం. ఫేర్‌ఫాక్స్ ప్రభువు కోసం 1760ల మొదట్లో కార్ తీర్చిదిద్దిన ఊరి ఇల్లు ఇది. వీధిలోంచి చూస్తే మరీ ఆర్భాటంగా ఉండదు. లోపలికి వెళ్లాక మెట్ల దగ్గర తల ఎత్తితే అక్కడే ఆగిపోతాం. ఇనుప పూలతీగల రెయిలింగు, దానికెదురుగా వెలుతురు నింపే పెద్ద కిటికీ, పైన కప్పంతా గార పని. జోసెఫ్ కోర్టేజీ అనే పనివాడు చేసిన గార అది. పూలు, ఆకులు, బొమ్మలు తడి గారలోనే పుట్టాయా అన్నట్టుంటాయి. ఫేర్‌ఫాక్స్ వాళ్లు క్యాథలిక్కులు. ఆ మతం వాళ్లకి అప్పట్లో ఇంగ్లండ్‌లో చట్టం నుంచే ఎన్నో అడ్డంకులు. అందుకే వీధికి మామూలుగా కనపడుతూ లోపల ఇంత వైభవంగా ఉండడం నాకు వేరేలా అర్థమైంది.

20వ శతాబ్దంలో ఈ ఇల్లు సినిమా హాలులో భాగమైంది, డాన్స్ హాలూ అయింది. 1980ల మొదట్లో యార్క్ సివిక్ ట్రస్ట్ వాళ్లు బాగు చేయించి 1984లో తెరిచారు. అక్కడి కుర్చీలు, బల్లలు, గడియారాలు ఎక్కువగా చాక్లెట్ల కంపెనీ టెర్రీస్ కుటుంబానికి చెందిన నోయెల్ టెర్రీ పోగుచేసినవి. నిజం చెప్పాలంటే నేను ఫర్నిచర్‌ని ఎక్కువసేపు చూడలేదు, కప్పే చూస్తూ ఉండిపోయాను.

ఆదివారం, మళ్లీ యార్క్

పాత కోట బురుజు క్లిఫర్డ్స్ టవర్ దిగువన గుండ్రటి పచ్చిక చుట్టూ మూడు కట్టడాలు. మధ్యలో 1705 నాటి జైలు కార్‌ది కాదు. రెండు పక్కలా ఒకదానికొకటి ఎదురుగా ఉన్నవి ఆయనవి. ఒక పక్క 1773-77 మధ్య కట్టిన కోర్టు, రెండో పక్క 1780లో మొదలైన ఆడవాళ్ల జైలు. రెండింటికీ అవే స్తంభాలు, అదే పొడవు, అదే హుందాతనం. తీర్పు చెప్పే ఇంటికీ శిక్ష వేసే ఇంటికీ ఒకే ముఖం ఇచ్చాడు. ఆ కోర్టులో ఇప్పటికీ కేసులు నడుస్తున్నాయి. జైలు యార్క్ క్యాజిల్ మ్యూజియంలో భాగమైంది.

అక్కణ్నుంచి నడుచుకుంటూ బూథమ్ వైపు వెళ్లాం. 1777లో తెరిచిన యార్క్ మానసిక రోగుల ఆస్పత్రి కార్ కట్టిందే. పెద్ద మైదానం వెనక, పొడుగాటి ముఖంతో, ప్రభువు బంగళాలా ఉంటుంది. పేద రోగులకి కూడా గౌరవమైన కట్టడం ఉండాలన్నది ఆ ప్లానులో కనపడుతుంది. లోపల మాత్రం దారుణాలు జరిగాయి. 1790లో హన్నా మిల్స్ అనే క్వేకర్ (ఒక క్రైస్తవ శాఖ) మహిళ చేరిన కొన్ని వారాలకే ఇక్కడ చనిపోయింది, తెలిసినవాళ్లని చూడనివ్వలేదు. ఆ బాధతోనే విలియం టూక్ అనే క్వేకర్ వ్యాపారి 1796లో అదే ఊళ్లో రిట్రీట్ అనే ఇంకో ఆశ్రయం తెరిచాడు. గొలుసులూ దెబ్బలూ లేకుండా రోగుల్ని మనుషులుగా చూసే పద్ధతి అక్కణ్నుంచి లోకానికి పాకింది. 1810లలో విచారణ జరిగితే పాత ఆస్పత్రి లోపలి ఘోరాలన్నీ బయటపడ్డాయి.

కార్ కట్టిన గోడల్లో తప్పు లేదు. కానీ మంచి గోడలు మంచి వైద్యాన్ని తేవు. ఆ గేటు దగ్గర నాకు ఇదే మాట మనసులో తిరిగింది. 2015లో ఆస్పత్రి మూతపడింది.

సోమవారం, గ్రేటా బ్రిడ్జి

మావయ్య ఎదురుచూసిన రోజు ఇదే. పొద్దున్నే కారులో ఉత్తరానికి బయల్దేరాం. దారిలో రిచ్‌మండ్‌లో ఆగి, కోట కింద స్వేల్ నది మీద కార్ 1780ల చివర్లో కట్టిన వంతెన చూసి టీ తాగి ముందుకెళ్లాం.

ఈ వంతెనల వెనక ఒక వరద ఉంది. 1771 నవంబరులో ఉత్తర ఇంగ్లండ్‌లో నదులన్నీ ఒక్కసారి పొంగాయి. టైన్ నది మీద కోర్‌బ్రిడ్జ్ వంతెన తప్ప ఏదీ నిలవలేదు, న్యూకాజిల్‌లో ఇళ్లూ కొట్లూ ఉన్న పాత వంతెనే కూలిపోయింది. టీస్, వేర్ నదులదీ అదే తీరు. మరుసటి ఏడాది, 1772లో, నార్త్ రైడింగ్ ప్రాంతం వంతెనల బాధ్యత కార్‌కి అప్పగించింది. 1803 దాకా, అంటే ఎనభై ఏళ్లు వచ్చేదాకా, ఆయన ఆ పని వదల్లేదు. అప్పటికే ప్రభువుల ఇళ్లు కట్టి ధనవంతుడయ్యాడు, జీతానికి వంతెనలు చూసే అవసరం ఆయనకి లేదు. అయినా ఏ వంతెన వెడల్పు చేయాలి, దేనికి కాళ్లు కదిలాయి, దేన్ని కొత్తగా కట్టాలి అని ముప్పై ఏళ్లు గుర్రం మీదా బండి మీదా తిరిగాడు. స్కిప్టన్-ఆన్-స్వేల్, మోర్టన్-ఆన్-స్వేల్, క్రాఫ్ట్, ఐస్‌గార్త్, ఈ పేర్లన్నీ ఆయన పని పట్టికలోవే.

గ్రేటా బ్రిడ్జి ఆ వరదలో పోయిన పాత వంతెన చోట 1773లో కట్టింది. రోక్‌బీ ఎస్టేటు యజమాని మోరిట్ ఖర్చు పెట్టుకున్నాడు. ఒకే ఒక్క కమాను. నది మధ్యలో కాలు లేదు. రెండు ఒడ్ల రాతిదిమ్మెల మీదుగా ఎగిరి దాటినట్టుంటుంది. పిట్టగోడకి చిన్న చిన్న రాతి స్తంభాలు, దిమ్మెల్లో గూళ్లు. వాటర్ కలర్ చిత్రకారుడు కాట్‌మన్ 1805లో ఇక్కడికొచ్చాక వేసిన బొమ్మ ఇంగ్లండ్‌లో అందరికీ తెలిసిందే. బొమ్మలో ఉన్న వంతెన అలాగే ఉంది.

మావయ్య రోడ్డు మీంచి చూసి తృప్తిపడలేదు. జాగ్రత్తగా ఒడ్డుకి దిగి కమాను అడుగుభాగం చూశాడు. చాలాసేపటికి మాట్లాడాడు.

"కొట్టుకుపోయిన చోట మళ్లీ కడుతున్నాడు కదా. నీళ్లకి అడ్డం రాకుండా ఉండడమే పని. నదిలో కాలు వేస్తే దాని చుట్టూ సుడి తిరిగి అడుగు తవ్వేస్తుంది. చెట్లు కొట్టుకొచ్చి దానికే తగులుకుంటాయి. ఈయన కాలే వేయలేదు."

"అంత వెడల్పు ఒక్క కమానుతో వేయడం కష్టం కాదా మావయ్యా?"

"కష్టమే. కమాను పక్కలకి తన్నుతుంది. ఆ తోపు ఒడ్డులోని దిమ్మె ఆపాలి. ఒడ్డు గట్టిదో కాదో తెలియకుండా ఇది వేయకూడదు. ఈయనకి తెలుసు. కాయితం మీద గీసి ఇంటికి పోయేవాడి పని కాదిది."

కార్ గొప్పతనం ఎక్కడుందో నాకు అక్కడే స్పష్టమైంది. బంగళాలు కట్టినవాళ్లు చాలామంది ఉన్నారు, కొందరు ఆయన కన్నా అందంగానే కట్టారు. కానీ ప్రభువుల అతిథి గదులకి ఎంత శ్రద్ధ పెట్టాడో, సంతకి గొర్రెలు తోలుకెళ్లే దారికీ అంతే శ్రద్ధ పెట్టినవాడు అరుదు.

మంగళవారం, హేర్‌వుడ్

లీడ్స్ నుంచి హారోగేట్ వెళ్లే 36 నంబరు బస్సు హేర్‌వుడ్ గేటు ముందే ఆగుతుంది. కారు ఇంట్లో పెట్టి బస్సులో వెళ్లాం.

1759లో పునాది పడి, 1771కి కాపురానికి సిద్ధమైన ఇల్లు ఇది. బయటి రూపం ప్రధానంగా కార్‌ది. లోపలి అలంకరణకి లండన్ నుంచి రాబర్ట్ ఆడమ్ వచ్చాడు, తోటలూ చెరువూ కేపబిలిటీ బ్రౌన్ చూశాడు, కుర్చీలూ బల్లలూ ఇక్కడికి దగ్గర్లోని ఓట్లీ ఊళ్లో పుట్టిన థామస్ చిపెన్‌డేల్ చేయించాడు. పేర్లు చూస్తే ఆ కాలపు ఇంగ్లండ్‌లో గొప్ప పనివాళ్లంతా ఒకచోట చేరినట్టే. 1840లలో చార్లెస్ బారీ పైన ఇంకో అంతస్తు వేసి ముఖం మార్చాడు కాబట్టి ఇప్పుడు మనకి కనపడేది కార్ గీసినట్టే ఉండదు. ఆయన్ని చూడాలంటే ఇంటికంటే గేటు బయటి ఊరు నయం. రోడ్డుకి రెండు వైపులా రాతి ఇళ్ల వరసలు, ఒకే ఎత్తు, ఒకే కొలత. ఎస్టేటు పనివాళ్ల కోసం కార్ వేసిన ప్లాను అది. ఇప్పటికీ జనం ఉంటున్నారు.

ఇంత డబ్బు ఎక్కడిది? యజమాని ఎడ్విన్ లాసెల్స్ పుట్టింది కరీబియన్ దీవి బార్బడోస్‌లో. తండ్రి హెన్రీ అక్కడ కస్టమ్స్ అధికారిగా, చక్కెర వ్యాపారిగా, ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసల వ్యాపారంలో, తోటలకి అప్పులిచ్చి సంపాదించాడు. హేర్‌వుడ్ వాళ్లు ఈ సంగతి ఇప్పుడు దాచకుండా చెబుతున్నారు, అది మంచి పని. ఆ గదుల్లో తిరుగుతున్నప్పుడు చక్కెర తోటల్లో చచ్చేదాకా పనిచేసిన మనుషులు గుర్తుకు రాకుండా చూడ్డం నాకు చేతకాలేదు, చూడకూడదు కూడా. కార్ ఈ డబ్బుని ప్రశ్నించలేదు, పని తీసుకుని బాగా చేశాడు. ఆయన్ని మెచ్చుకునేటప్పుడు ఈ మాట కలిపే చెప్పాలి.

బుధవారం, బక్స్‌టన్

పీక్ డిస్ట్రిక్ట్ కొండల మధ్య బక్స్‌టన్. వేడినీటి ఊటల ఊరు. రోమన్లు కూడా ఇక్కడ స్నానాలు చేశారు. 5వ డ్యూక్ ఆఫ్ డెవన్‌షైర్ దీన్ని బాత్ నగరంలాంటి స్నానతీర్థం చేద్దామనుకుని కార్‌ని పిలిచాడు. దీని డబ్బు ఎక్టన్ కొండలోని డ్యూక్ రాగి గనులది.

1780లో మొదలై ఆ దశాబ్దం చివరికి పూర్తయిన క్రెసెంట్ ఇది. అర్ధచంద్రాకారంలో వంగిన పొడవాటి రాతి కట్టడం, కింద అంతా కమానుల వరండా, పైన రెండంతస్తుల ఎత్తు స్తంభాలు. బాత్‌లోని రాయల్ క్రెసెంట్ అంతకు ముందే పూర్తయింది, కానీ దాని ముందు వరండా లేదు. ఇక్కడ వానలు ఎక్కువ, స్నానానికొచ్చేది నడుము నొప్పులూ కీళ్ల నొప్పులూ ఉన్నవాళ్లు. తడవకుండా ఈ చివర నుంచి ఆ చివరకి నడవొచ్చు. కార్ చేసిన మార్పుల్లో ఇది నాకు బాగా నచ్చింది. మేం వెళ్లినప్పుడు వాన పడుతూనే ఉంది. మావయ్య మోకాళ్లకీ ఆ వరండా పనికొచ్చింది.

20వ శతాబ్దం చివర్లో ఈ కట్టడం ఖాళీ అయి, పాడుబడి చాలా ఏళ్లు మూతబడి ఉంది. బాగు చేయించి 2020లో మళ్లీ హోటల్‌గా తెరిచారు. లోపల పాత అసెంబ్లీ రూమ్ కప్పు మీద గార పని చూసి తీరాలి. ఎదురుగా సెయింట్ ఆన్స్ వెల్ దగ్గర ఊటనీళ్లు ఉచితంగా వస్తూనే ఉంటాయి. వేడి దాదాపు 28 డిగ్రీలు, అంటే తాగితే గోరువెచ్చగా. జనం క్యాన్లతో వచ్చి పట్టుకెళ్తున్నారు. మేమూ రెండు సీసాలు నింపుకున్నాం.

క్రెసెంట్ వెనక కొంచెం ఎత్తు మీద గుర్రపు శాల ఉంది. క్రెసెంట్‌లో దిగిన అతిథుల గుర్రాల కోసం కార్ కట్టింది. బయట ఎనిమిది ముఖాలు, లోపల గుండ్రటి ఆవరణ, గుర్రాల్ని వాన తగలకుండా తిప్పడానికి చుట్టూ స్తంభాల వరండా. తర్వాత 1859 నుంచి అది ఆస్పత్రి అయింది. 1880-81లో ఆ ఖాళీ ఆవరణ మీద ఇనుప చట్రంతో గుమ్మటం వేశారు. వెడల్పు 44 మీటర్లు, రోమ్‌లోని పురాతన గుడి పాంథియన్ గుమ్మటం కన్నా కొంచెం పెద్దది. ఇప్పుడు అక్కడ డెర్బీ యూనివర్సిటీ వాళ్లున్నారు. గుమ్మటం కార్‌ది కాదు. కానీ గుర్రాల కోసం కట్టిన గోడలు వందేళ్ల తర్వాత అంత బరువు మోయగలిగాయి. మావయ్య మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టాడు, ఆ శబ్దం చుట్టూ తిరిగి మళ్లీ వచ్చింది.

గురువారం, బాసిల్డన్ పార్క్

మావయ్యకి మర్నాడు హీత్రో నుంచి ఫ్లైటు. దక్షిణానికి ఎలాగూ దిగాలి కాబట్టి, రెడింగ్ దగ్గర థేమ్స్ లోయలోని బాసిల్డన్ పార్క్ చూసి వెళ్దామనుకున్నాం. రెడింగ్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లు వారాంతాల్లో వెళ్లే తోటల్లో ఇదీ ఒకటి. ఈ ఇంటి కథ మనదేశంలో మొదలైందని తెలుసుకుని చూస్తే బాగుంటుంది.

దీన్ని కట్టించిన ఫ్రాన్సిస్ సైక్స్‌ది యార్క్‌షైర్‌లోని థార్న్‌హిల్, హోర్బరీకి కూతవేటు దూరం. ఈస్టిండియా కంపెనీలో చేరి బెంగాల్ వెళ్లి, ముర్షిదాబాద్‌లో నవాబు దర్బారు దగ్గర కంపెనీ రెసిడెంటు, అంటే ప్రతినిధి, అయ్యాడు. ఆ కాలం ఎలాంటిదంటే, 1765లో మొఘల్ చక్రవర్తి షా ఆలం బెంగాల్ దివానీతో (పన్నులు వసూలు చేసే హక్కుతో) పాటు మన ఉత్తర సర్కారులనీ కంపెనీకి రాసిచ్చాడు. సైక్స్ లక్షల పౌండ్లు పోగేసుకుని 1769లో ఇంగ్లండ్ చేరాడు. అదే ఏడాది మొదలై మరుసటి ఏడాది దాకా బెంగాల్‌ని కరువు మింగేసింది. లక్షల మంది చనిపోయారు. ఆ డబ్బుతో 1771లో ఈ ఎస్టేటు కొని, 1776లో తన సొంత ప్రాంతం వాడైన కార్‌ని పిలిచాడు.

ఇల్లు మాత్రం అందమైనది. బాత్ రాయి లేత తేనెరంగులో ఉంటుంది. మధ్యలో నాలుగు స్తంభాల వరండా, మెట్లు బయటికి కనపడకుండా కమానుల వెనక దాచాడు. కిందినుంచి చీకట్లోకి వెళ్లి, మెట్లెక్కి వెలుతురులోకి వస్తాం. సైక్స్‌కి తర్వాత డబ్బు ఇబ్బందులొచ్చి లోపలి పని పూర్తి కాలేదు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యేసరికి ఇల్లు శిథిలమైపోయింది. 1952లో ఐలిఫ్ దంపతులు కొన్నారు, చివరికి పాత కట్టడాల్ని కాపాడే సంస్థ నేషనల్ ట్రస్టుకి ఇచ్చారు.

ఐలిఫ్ దంపతులకి పోయిన తలుపులూ పొయ్యిగట్లూ కావాల్సి వచ్చాయి. లింకన్‌షైర్‌లో కార్ పనిచేసిన ఇంకో ఇల్లు, పాంటన్ హాల్, కూల్చేయబోతున్నారని తెలిసి అక్కడి తలుపులు కొన్నారు. ఎక్కడో నూట యాభై మైళ్ల అవతలి ఇంటి తలుపులు తెచ్చి ఇక్కడి ద్వారబంధాల్లో పెడితే సరిగ్గా కూర్చున్నాయట.

మావయ్య ఒక తలుపు ముందు నిలబడి తలుపుకీ ద్వారబంధానికీ మధ్య సందు చూశాడు. "కొలతలు ఒకసారి కుదిరాక మార్చలేదన్నమాట. ప్రతి పనికీ కొత్తగా కనిపెట్టేవాడు పనివాళ్లని చంపుతాడమ్మాయ్" అన్నాడు.

కారులో హీత్రో వైపు వెళ్తుంటే పోర్చుగల్ సంగతి చెప్పాను. పోర్టో నగరంలోని సాంటో ఆంటోనియో ఆస్పత్రికి 1769లో కార్ ప్లాను వేశాడు, మరుసటి ఏడాది శంకుస్థాపన జరిగింది. ఆయన ఆ దేశం ఎప్పుడూ వెళ్లలేదు. మొత్తం ప్లాను ఎప్పటికీ పూర్తి కాలేదు గానీ, కట్టినంత మేర ఇప్పటికీ ఆస్పత్రిగానే నడుస్తోంది. వచ్చే ఏడాది వీసా ఎప్పుడు అప్లై చేయాలో కనుక్కోమని మావయ్య అప్పుడే చెప్పేశాడు.